తాలు గింజలు

ఆవిడ హస్తవాసి మీద ఎవరికీ అనుమానం ఉండేది కాదు, ఆవిడకైతే అసలే లేదు. ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుందని మరిది వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు. ఊరి చివర ఒక రేకుల షెడ్డు, దాని వెనక నీడవల కింద వరుసలుగా నల్ల సంచులు, అదీ వాళ్ళ నర్సరీ. గులాబీలూ మందారాలూ అమ్మేది గానీ ఆవిడ ప్రాణమంతా ఒక్క పొద మీదే. నడుమెత్తు పెరిగి, బూడిదరంగు ఆకులతో, పసుపు పూలు పూసే పొద అది. చామంతికి చుట్టం, ఈ నేలలోనే పుట్టిన మొక్క. ఒకప్పుడు పక్క గుట్ట నిండా అదే. రాళ్ళ కోసం గుట్టను తవ్విపారేశాక ఒక్కటీ మిగల్లేదు. తవ్వకం మొదలైన వారంలో ఆవిడ గోనెసంచీ పట్టుకుని పరుగెత్తి కొన్ని మొక్కలు పెకలించుకొచ్చింది కాబట్టి సరిపోయింది.

క్వారీ మూతపడ్డాక ఆ బోడిగుట్ట మీద మళ్ళీ ఆ పొదే పెంచుతానని పట్టుబట్టింది. పిచ్చి పట్టిందా వదినా అని నవ్విన మరిదే తర్వాత నీళ్ళ డబ్బాలు మోశాడు. వానలు తగ్గగానే పెన్సిల్ మందాన కొమ్మలు కత్తిరించి, కింది ఆకులు గిల్లేసి, ఇసుకలో గుచ్చేది. తడి ఎక్కువైతే వేరు కుళ్ళిపోతుంది. ఎవరైనా ప్రేమ ఒలకబోస్తూ నీళ్ళు పోయబోతే చేతిలో చెంబు లాక్కునేది. అలా ఇరవై రెండేళ్ళలో నాలుగు వేల మొక్కలు గుట్టెక్కాయి. పూసే రోజుల్లో రోడ్డు మీద బస్సులు కూడా నెమ్మదించేవి.

ఒక్కటే బెంగ. ఇన్నేళ్ళలో గుట్ట మీద దానంతటది మొలిచిన పిల్లమొక్క కంటికి కనబడితే ఒట్టు. చీమలు ఎత్తుకుపోయాయంది, మేకల్ని తిట్టింది, గాలిని కూడా వదల్లేదు. ఈమధ్య పాత పొదలు ఎండిపోతున్నాయి. పది కొమ్మలు గుచ్చితే రెండో మూడో నాటుకుంటున్నాయి. ఇక గింజ మొలవకపోతే ఆ పొద కథ ముగిసినట్టే. అందుకే విత్తనాలు పరీక్షించే చోటికి ఉత్తరం రాయించింది.

అక్కణ్ణుంచి ఒక అమ్మాయి వచ్చింది. గుట్ట నాలుగు వైపులా తిరిగి గింజలు కోసి, షెడ్డులో బల్ల మీద తెల్లకాగితం పరిచి, భూతద్దం కింద ఒక్కొక్కటీ బ్లేడుతో చీల్చింది. మొదటిది తాలు. రెండోదీ తాలే. పచ్చివి కోసుకొచ్చి ఉంటావు, వేరేవి చూడమ్మా అని ఆవిడ నవ్వింది. వంద గింజలయ్యాయి. కాగితం మీద పొట్టు తప్ప పప్పన్నదే లేదు. ఆవిడకు నవ్వు ఎండిపోయింది.

"కొమ్మలు ఎన్ని తల్లి మొక్కల నుంచి తీశారండీ?" అని అడిగింది అమ్మాయి.

"ఒక్కదాన్నుంచే," అంది ఆవిడ కాస్త గర్వంగానే. "బాగా నాటుకునేది అదే. ఇవన్నీ దాని పిల్లలే."

నర్సరీవాళ్ళు ఎవరైనా చేసే పని అదే మరి, మంచి తల్లి దొరికితే ఇంకోదాని జోలికి పోరు.

అమ్మాయి బ్లేడు తుడిచి పక్కన పెట్టింది. "పిల్లలు కాదండీ. కొమ్మ తెచ్చి గుచ్చితే అదీ ఆ మొక్కే. ఈ పొద తన పుప్పొడితో తాను గింజ కట్టదు, ఇంకో మొక్కది కావాలి. గుట్ట మీద మీకున్నది ఒక్కటే మొక్క."

తేనెటీగలు ముసురుతూనే ఉన్నాయి కదా అని మరిది వాదించబోయాడు. దాని పుప్పొడిని దానికే తెచ్చిపెడుతున్నాయని అమ్మాయి చెప్పింది.

ఆవిడ కిటికీలోంచి గుట్ట వైపు చూసింది. నాలుగు వేలు. ఏది ఎటు వంగిందో, ఏది ఏ ఏడు నాటిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అదంతా ఒక్కటేనంటే బుర్రకెక్కలేదు. ఇరవై రెండేళ్ళు తాను ఏం చేసినట్టు?

గుట్ట నుంచి తెచ్చింది ఆ ఒక్కటేనా, ఇంకెక్కడైనా మరొకటి బతికి ఉందా, ఒక్కటి దొరికినా చాలునని అమ్మాయి ఆశగా అడిగింది. మరిది వదిన మొహం చూసి తల దించుకున్నాడు.

"ఏడు తెచ్చానమ్మా," అంది ఆవిడ. "మిగతా ఆరూ సరిగ్గా నాటుకునేవి కావు. పదికి రెండు, మూడు. చోటు దండగని నేనే పీకి ఎరువుగుంటలో వేశాను. అప్పుడవి పూత మీద ఉన్నాయి."