జుడిషియస్ అన్న మాటకు ఉదాహరణ

అంకులిలో మా ఇంటి ముందుగదిలో ప్లస్ టూ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ‘జుడిషియస్’ అన్న మాట వచ్చిన రోజు నా పాఠం సగంలో ఆగుతుంది. అర్థం చెప్పడం కష్టమేమీ కాదు. బాగా ఆలోచించి, మంచిచెడ్డలు చూసుకుని చేసిన పనిని అలా అంటారు. ‘వైజ్’ అన్న మాట మనిషి ఊరకే కూర్చున్నా అతుకుతుంది. ‘జుడిషియస్’ అనాలంటే ఆ మనిషి ఏదో ఒకటి తేల్చుకుని ఉండాలి. మందు వాడడంలోనూ అంటారు, మాట వాడడంలోనూ అంటారు. ఇంతవరకూ గడగడా చెప్పేస్తాను. “ఉదాహరణ, మేడం?” అంటారు పిల్లలు. అప్పుడు మా మేనమామ నా కళ్లముందుకు వచ్చి గుమ్మంలో నిలబడతాడు.

మావయ్య కూతురి పెళ్లి గోసాని నువాగాంలో జరిగింది. మంచం పట్టిన అమ్మమ్మ దిగపహండిలో, మావయ్య ఇంట్లోనే ఉండిపోయింది. పెళ్లినాటి పొద్దున్నే ఆమె పోయిందని మావయ్యకు ఫోను వచ్చింది. చావు కబురు చెవిన పడితేనే మైల అంటారు మావాళ్లు. విన్నవాళ్లు పెళ్లిపనిలో చెయ్యి పెట్టకూడదు, విననివాళ్లకు దోషం లేదు. అందుకని ఆ కబురు తన దగ్గరే ఆపేశాడు మావయ్య. దోషమంతా తనమీద వేసుకుని, ఫోను కట్టేసి, కూతురికి కన్యాదానం చేశాడు.

ఆ పూటంతా పెళ్లి వీడియోలో ఉంది. మా అమ్మ బూరె కొరుకుతూ ఎవరి మాటకో పడీపడీ నవ్వుతోంది. వెనక గుమ్మంలో మావయ్య, ఆమెనే చూస్తున్నాడు. ఆ వీడియో మా ఇంట్లో ఎవరూ పెట్టరు. నాకు మాత్రం పెట్టకపోయినా కనిపిస్తుంది.

అప్పగింతలయ్యాక మావయ్య ఆ కబురు చెప్పాడు. “ముందే సెప్పీసుంటే పెళ్లాగిపోను. పిల్ల గతేటి?” అన్నాడు. చుట్టాలంతా సరైన పనే అన్నారు. నిజమే, నాకూ అలాగే అనిపించింది. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

“అక్కడ మాయమ్మ సల్లబడిపోయుంటే, ఇక్కడ నాను బూర్లు తిని నవ్వినాను,” అంది.

ఆ తర్వాత ఆమె బూరె ముట్టలేదు. తింటుండగా ఫోను మోగితే చెయ్యి ఆగిపోయేది. “ఏటయిందో ముందు సెప్పు. తినీదాకా దాసకు,” అని నాచేత ఒట్టు వేయించుకుంది.

పోయిన వేసవిలో అమ్మ పప్పన్నం కలుపుకుంటుండగా దిగపహండి నుంచి నాకు ఫోను వచ్చింది. ఈసారి పోయింది మావయ్య. అమ్మకు షుగరు, పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. రెండు ముద్దలు తిననిద్దామా అనుకున్నాను. నేను నిలబడ్డది గుమ్మంలోనేనని అప్పుడు చూసుకున్నాను. భయం వేసింది.

“అమ్మా, మావయ్య పోయాడంట,” అని చెప్పేశాను.

అమ్మ ఏడవలేదు. చేతిలో ముద్దను కంచంలో పెట్టేసింది.

“తిన్నాక సెప్పకపోయినావా,” అంది.