నాన్న సగం తోమిన రాగి రేకు

బెజవాడ భవానీపురంలో మా నాన్న గిన్నెలకు కళాయి వేసేవాడు. గిన్నెలో తన గడ్డం కనిపించేదాకా తోమితేగానీ వదిలేవాడు కాదు. నేనేమో రెండువేల సంవత్సరం దాటాక, పరిశోధన పేరుతో రాగిని నల్లబరిచే పనిలో పడ్డాను.

"మసి వదిలించుకోడానికి జనం నా దగ్గరికొస్తారు. మసి పట్టించడానికి నువ్వు ఇన్నేళ్ళు చదవాలా అమ్మా?" అని అందరి ముందూ ఏడిపించేవాడు. నాకు ఒళ్ళు మండేది.

అది మసి కాదు. కొలిమిలో గాలి తగిలేలా వేడిచేస్తే రాగి మీద వెంట్రుకకన్నా వందల రెట్లు సన్నని సూదులు మొలుస్తాయి. వాటి మధ్య దూరిన వెలుగు, ఏ రంగుదైనా సరే, అటూ ఇటూ తగిలి అక్కడే వేడిగా మారిపోతుంది. ఎన్నో రేకుల మీద ఆ నలుపు పొట్టులా రాలిపోయాక, చివరికి ఒక్కదాని మీద నిలిచింది. అది ఎంత వెలుగును పట్టి ఉంచుతుందో హైదరాబాదు ల్యాబులో పరీక్షించాలి. ఇది కూడా తేలిపోతే చదువు మానేసి స్కూల్లో పాఠాలు చెప్పుకుంటానని ఇంట్లో మాటిచ్చాను.

ప్రయాణం రోజు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి నాన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో నా రేకు, రెండో చేతిలో తోమే గుడ్డ. సగం రేకు తళతళలాడుతోంది.

"కొంప ముంచావు నాన్నా!" అంటూ ఏడుపందుకున్నాను.

"పెద్దవాళ్ళకి చూపించేది కదా, ఇంత నల్లగా ఎలా తీసుకెళ్తావని..." అంటూ ఆగిపోయాడు. "ఏడవకమ్మా. ముందు ఇటు చూడు."

రేకును ఎండలో తిప్పాడు. తోమిన సగం నుంచి వెలుగు ఎగిరి గోడ మీద పడింది. కాస్త వంచి నల్లటి సగాన్ని ఎండకు పెట్టాడు. గోడ మీద ఏమీ లేదు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ వంచాడు.

"యా అల్లా! ఎండంతా ఇందులోకే పోతోంది!"

సూత్రాలన్నీ నాకు కంఠతా వచ్చు, కానీ కళ్ళారా చూడటం అప్పుడే. బెజవాడను మాడ్చేసే ఎండ అరచేతంత నలుపులోకి పోయి మరి తిరిగి రావడం లేదు. ఏడుపు సంగతే మర్చిపోయి నాన్న పక్కన నోరు తెరుచుకుని కూర్చున్నాను.

హైదరాబాదులో మిగిలిన సగాన్నే పరీక్షించారు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను.

"నెగ్గింది నాన్నా."



"స్కూలూ వద్దు, గీలూ వద్దు. ఇంకో రేకు పట్రా అమ్మా. ఈసారి ముట్టుకోను. ఎండలో పెట్టి చూస్తానంతే."