గంజికేంద్రానికి పేరంటం పిలుపు

పిలిస్తే పలికే మనుషులుండేవాళ్ళు ఆ రోజుల్లో అంటుంటారు మా ఈడువాళ్ళు. మనవరాళ్ళ ముందు నేనూ అంటుంటాను. నిజం చెప్పొద్దూ, అప్పుడు కూడా ఎవరూ ఊరికే పలికేవాళ్ళు కాదు. పిలవాల్సిన పద్ధతిలో పిలిస్తేనే పలికేవాళ్ళు. ఆ జ్ఞానం నాకు పంతొమ్మిదో ఏట, చిత్తూరులో, కడుపునొప్పితో పాటు కలిగింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. వరసగా వానల్లేక ఐరాల వైపు పల్లెల నుంచి జనం పిల్లాజెల్లాతో టౌనుకు వచ్చి పడ్డారు. మా స్త్రీ సమాజం వాళ్ళు ఒక రేకుల షెడ్డులో ఆ పిల్లలకు పొద్దున పూట రాగిగంజి పోయాలని తీర్మానించారు. పిండి దొరికింది, కట్టెలు దొరికాయి, కాచి పోసే చేతులే దొరకలేదు. సమాజం కార్యదర్శి ఒక లాయరుగారి భార్య, మేమంతా కళ్ళద్దాలక్క అనేవాళ్ళం. ఆవిడ నన్ను పిలిచి, "నువ్వు చదువుకున్నదానివి, వాలంటీర్లను నువ్వే చేర్చు" అంది. ఆ మాటతో నాకు కొమ్ములు మొలిచాయి. ఆ రోజే కూర్చుని "సోదరీమణులారా! మేల్కొనండి!" అంటూ ఒక కరపత్రం రాసి, అచ్చు వేయించి, ఇంటింటికీ పంచాను. (వాళ్ళంతా నాకంటే రెండు గంటల ముందే మేల్కొని కళ్ళాపి చల్లేవాళ్ళని అప్పుడు తోచలేదు.) ఒక్కరూ రాలేదు. ఎదురింటి రెడ్డెమ్మక్క ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఏం మే, కాగితమిచ్చి పిలిస్తే ఎవురొస్తారు? మేమేమన్నా కోర్టు సాక్షులమా? ఆడోళ్ళను బొట్టు పెట్టి పిలవాల" అంది.

అంతేకదా అనుకున్నాను. కుంకుమ భరిణె పట్టుకుని ఇరవై ఒక్క ఇళ్ళు తిరిగాను. "రేపు పొద్దున గంజికేంద్రానికి రండక్కా" అని నుదుట బొట్టు పెట్టగానే అందరి మొహాలూ వికసించాయి. మర్నాడు ఇరవై ఒక్కమందీ వచ్చారు. పట్టుచీరలు కట్టుకుని, తలనిండా మల్లెపూలు పెట్టుకుని వచ్చారు! షెడ్డులో పొయ్యి మీద గంగాళం కుతకుతలాడుతోంది, బయట పిల్లలు సత్తుగిన్నెలతో వరసలో ఉన్నారు, వీళ్ళేమో చాప మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. తెడ్డు అందుకోమంటే రెడ్డెమ్మక్కే, "సూడు మే, ఈ చీరకు మసంటితే మా అత్త నన్ను ఇంట్లోకి రానిస్తుందా?" అంది. ఒకావిడ మంగళహారతి పాడింది, మిగతావాళ్ళు అందుకున్నారు. పాట అయ్యాక అందరూ నావైపే చూడసాగారు. ఎందుకో నాకర్థం కాలేదు. "తాంబూలం యాడ?" అని ఎవరో గుసగుసలాడితే, బజారుకు పరుగెత్తి ఆకూవక్కా అరటిపండ్లూ తెచ్చి పంచాను. పుచ్చుకుని, "బాగా జరిగినాది" అని దీవించి వెళ్ళిపోయారు. ఈలోగా గంజి అడుగంటింది. ఆ మాడుగంజినే నేనూ కళ్ళద్దాలక్కా కళ్ళు తుడుచుకుంటూ పోశాం. పిల్లలు గిన్నెలు నాకి మరీ తాగారు.

రెండోనాడు ఒక్క పురుగూ రాలేదు. వెళ్ళి అడిగితే రెడ్డెమ్మక్క ఆశ్చర్యపోయింది. "నిన్న పిలిస్తివి, వచ్చినాము. ఈ పొద్దు పిలిచినావా?" న్యాయమే కదా! మూడోనాటి నుంచి తెల్లారకముందే భరిణెతో బయలుదేరేదాన్ని. ఇరవయ్యొకటో గడప దాటేసరికి ఎండ నెత్తికెక్కేది, గంజి వేళ దాటిపోయేది. అదీ చాలదన్నట్టు, నా పిలుపు అందుకున్నవాళ్ళంతా ఎదురు పిలుపులు మొదలుపెట్టారు. "మీ పేరంటానికి మేమొచ్చినాం, మా పేరంటానికి నువ్వు రావద్దా?" వెళ్ళకపోతే రేపు వాళ్ళు రారన్న భయంతో శుక్రవారం ఒక్కనాడే ఐదిళ్ళలో గుగ్గిళ్ళు తిన్నాను. దేశసేవంతా కడుపులోకే దిగింది. ఆ సాయంత్రం కళ్ళద్దాలక్క వచ్చి, "ఇంక మన వల్ల కాదు పిల్లా. రేపటికి నిలకడగా వచ్చేవాళ్ళు ఆరుగురన్నా దొరక్కపోతే పొయ్యి ఆర్పేద్దామని కమిటీ వాళ్ళు చెప్పేసినారు" అంది. అడుగంటిన గంజిని అమృతంలా తాగిన ఆ మొహాలు గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు.

కడుపు పట్టుకుని మూలుగుతుంటే వాముకషాయం ఇచ్చింది మా మేనత్త. ఇరవై ఏళ్ళకే భర్త పోతే పుట్టింటికి చేరి, మా వంటింట్లోనే తలలో తెల్లవెంట్రుకలు చూసిన మనిషి. యాభైమందికైనా ఉప్పు తప్పకుండా వండగలదు. గ్లాసు అందిస్తూ, "ఊరంతా పిలిచినావే, ఇంట్లో దాన్ని పిలవలేదేం?" అంది.

"నిన్నా అత్తా? నీకు బొట్టు..." అని ఆగిపోయాను. నాలుక కరుచుకున్నా అప్పటికే ఆలస్యమైంది.

అత్త నొచ్చుకున్నట్టు కనపడలేదు. "బొట్టు పెట్టి పిలవకూడదు, సరే. నోటితో పిలవకూడదని యా శాస్త్రంలో ఉండాది? నేను ఒకరి పిలుపు మీద గడప దాటి ఎన్నేండ్లయిందో తెలుసునా?"

సిగ్గుతో చచ్చిపోయాను. వారం రోజులుగా ఆ వంటింటి గుమ్మం ముందు నుంచే కదా నేను భరిణె పట్టుకుని ఊరిమీదికి పోయింది! లేచి ఆమె చేతులు పట్టుకుని, "అత్తా, రేపు గంజి కాయడానికి రా" అన్నాను. "అట్లే మే" అంది. అంతే కాదు, పెరటి దోవన వెళ్ళి చీకటి పడేలోగా నాలుగు వీధులు చుట్టి వచ్చింది. తెల్లారేసరికి షెడ్డు ముందు తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. అందరూ మా అత్తలాంటి వాళ్ళే. పాత చీరలు, ఎగదోపిన కుచ్చెళ్ళు. ఒకరు కట్టెలు ఎగదోశారు, ఒకరు తెడ్డు పట్టారు, ఒకరు పిల్లల ముక్కులు తుడిచారు. కమిటీ వాళ్ళు పొయ్యి ఆర్పడానికి వచ్చి, గంజి రుచి చూసి, వచ్చిన దారినే పోయారు.

ఆ తొమ్మిదిమందిలో ఒక్కరూ ఒక్కపూటా మానలేదు. మళ్ళీ పిలవమని ఎవరూ అడగలేదు. పదిరోజులకు రెడ్డెమ్మక్క పాతచీర కట్టుకుని, "మమ్మల్ని మరిసిపోయినారా ఏంది?" అని తనంతట తానే వచ్చింది. అత్త ఆవిడ చేతికి చీపురిచ్చింది.

ఎట్టకేలకు వానలు పడ్డాయి. చెరువులు నిండాయి, పల్లె జనం సంతోషంగా ఊళ్ళకు మళ్ళారు, గంజికేంద్రం మూసేశారు. గంగాళం తోమి బోర్లించి వచ్చిన రోజు అత్త మా వాకిట్లో అరుగు మీద కూర్చుని వానను చూస్తూ, "రేపటి నుంచి యాడికి పోవాల మే నేను?" అంది.

ఎంతోమందిని సమీకరించిన నాయకురాలిని కదా, ఓదార్చడం నా బాధ్యత అనుకున్నాను. "దిగులు పడొద్దత్తా, ఇంకో కరువు రాకపోతుందా!" అన్నాను.

అత్త నా మొహం కేసి ఒక్క క్షణం చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆ నీళ్ళన్నీ నవ్వువే అనుకుని నేనూ ఆమెతో కలిసి నవ్వాను.