ఏ నంబరు నొక్కినా అన్నకే

మొన్న మా దవాఖానల నేను చేసిన ఘనకార్యం చెప్తే నవ్వుతరు. నవ్వుండ్రి. నాకైతే ఇంక నవ్వు వస్తలేదు.

నిజామాబాద్‌ల ఒక ప్రైవేట్ హాస్పిటల్‌ల కంప్యూటర్లన్నీ నేనే చూసుకుంట. రిపోర్టులు రాంగనే రిసెప్షన్ల ఉండే సునీత ఒక్కొక్క పేషెంట్ నంబరు చూసుకుంట ఫోన్ కొట్టాలె. దినమంతా గదే పని. స్క్రీన్ మీద నంబరు నొక్కితే ఫోన్ దానంతటదే పోయేటట్టు చేస్తనని మేనేజర్ సార్ ముంగట గొప్పలు కొట్టిన. చిన్న ప్రోగ్రామ్ రాసిన. నంబరు లింకు నొక్కినప్పుడు గీ ప్రోగ్రామే తెరుచుకోవాలని విండోస్‌ల రిజిస్టర్ చేసిన.

టెస్టింగుకు ఒక నంబరు కావాలె. రింగ్ కావాలె గని ఎవరూ ఎత్తొద్దు. అసొంటిది నాకు ఒక్కటే తెలుసు, మా అన్న నంబరు. మా ఊరు కోటగిరిల కాలువ నీళ్ళ కాడ మా ఇద్దరికి లొల్లి అయినప్పటి సంది నా ఫోన్ ఎత్తడు. ప్రోగ్రామ్‌ను నా సెల్‌కు కలిపి లింకు నొక్కిన. రింగయింది, ఎత్తలె. అంతా కరెక్టే అనుకున్న.

తెల్లారి హాస్పిటల్ ఫోన్‌కు కలిపిన. నొక్కిన లింకుల ఉన్న నంబరు ప్రోగ్రామ్‌కు అందాలంటే, రిజిస్టర్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ పేరు పక్కన ఒక చిన్న గుర్తు పెట్టాలె. అది మర్చిపోయిన. పైగా, నంబరు అందకపోతే టెస్ట్ నంబరుకే చెయ్యమని నేనే రాసిపెట్టిన. ఇగ సునీత ఏ పేషెంట్ నంబరు నొక్కినా మా అన్నకే పోతది.

నా నంబరు కాదు గద, అన్న ఎత్తిండు. సునీత హాస్పిటల్ పేరు చెప్పి, మీ వాళ్ళ రిపోర్టు వచ్చింది, డాక్టర్ సార్ జల్ది రమ్మంటున్నరని పెట్టేసింది. ఇంకో పేషెంట్‌ను నొక్కింది. మళ్ళ అన్ననే. ఎవరికి, ఏమైందని అడిగిండట. ఫోన్ల చెప్పరాదు, వచ్చినంక సారే చెప్తరని ఈమె రూల్ ప్రకారం జవాబిచ్చింది. ఆ హాస్పిటల్‌ల మా అన్నకు తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే.

బండేసుకొని ఉరికొచ్చిండు. కాళ్ళకు పొలం బురద అట్లనే ఉంది. కౌంటర్ కాడ నా పేరు చెప్పి, ఏ వార్డుల ఉన్నడని అడుగుతుండు. నేను మిర్చి బజ్జి తినుకుంట ఎదురువడ్డ.

కిందికెల్లి మీది దాక చూసిండు.

"నీకేం కాలేదా?"

"ఏం కాలేదన్నా. సాఫ్ట్‌వేర్ల చిన్న తప్పు."

అన్నకు పట్టిన చెమటలు చూసి నర్సు కూసోవెట్టి బీపీ చూసింది. మస్తు ఎక్కువుంది. నేను నీళ్ళు తెచ్చిస్తే తీసుకోలె. అదే గ్లాసు నర్సు ఇస్తే తాగిండు. కొంచెం తేరుకున్నంక లేచి పోయిండు, నా దిక్కు చూడకుంటనే.

ఆ గుర్తు పెట్టిన. ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ళకే పోతుంది. మేనేజర్ సార్ శభాష్ అన్నడు.

పొద్దుగూకంగ మనసు వట్టలె. అన్న ఇల్లు చేరిండో లేదో. నా సెల్‌ల చేస్తే ఎత్తడు గద, రిసెప్షన్ కంప్యూటర్ మీద చేసిన. మొదటి రింగుకే ఎత్తిండు.

"హాస్పిటలా? మా తమ్మునికి ఏమన్న అయిందా?"

గొంతు మార్చి, "సారీ సార్, రాంగ్ నంబర్" అని పెట్టేసిన.