అమృతంలా వినిపించిన హెడ్‌ఫోన్

నన్ను మోసం చేసిన వస్తువులు లోకంలో చాలా ఉన్నాయి. పెళ్ళిలో మామగారు పెట్టిన వాచీ దగ్గర్నుంచి, మొదటి వానకే చువ్వలు విప్పుకుని నాట్యం చేసిన గొడుగు దాకా అన్నిటినీ క్షమించాను. తీగ లేని ఆ హెడ్‌ఫోన్‌ని మాత్రం క్షమించలేదు. అదొక్కటే మోసం చేసి ఊరుకుంటే పోనీలే అనుకుందును. మా బావని కూడా తనతో కలుపుకుంది.

రెండువేల ఎనిమిదో తొమ్మిదో, సరిగ్గా గుర్తులేదు. అప్పటికి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నేను డివిజన్ ఆఫీసులో గుమాస్తాని. ఆఫీసులో హిందీ, కూరల బజారులో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో మా తాతలు శ్రీకాకుళంలో బండెక్కుతూ మూటగట్టి తెచ్చుకున్న తెలుగు. ఈ మూడింటి మధ్యా ఇరుక్కుని పత్రికలకి హాస్యం రాసేవాణ్ణి. రాసే తెలుగుకి తుప్పు పట్టకుండా, ఆఫీసు నుంచి రాగానే కంప్యూటర్‌లో పాత నాటకాలూ పద్యాలూ పెట్టుకుని వినేవాణ్ణి. కురుక్షేత్రం మొత్తం మా వంటగది గోడ అవతలే జరిగేది.

"మీ దుర్యోధనుడు గదెత్తినప్పుడల్లా నా పప్పు మాడిపోతంది. వాడో నేనో తేల్చుకోండి," అంది మా ఆవిడ ఒకరోజు.

తేల్చుకోవలసిన అవసరం లేకుండా హెడ్‌ఫోన్ కొందామనుకున్నాను. తోడుగా బావని లాక్కెళ్ళాను.

బావ నాకు వరసకేమీ కాడు. మా ఇద్దరి తాతలూ ఒకే గ్యాంగులో పట్టాలు మోశారు. మా కాలనీలో అంతకన్నా దగ్గర చుట్టరికం ఇంకోటి లేదు. వాడు గూడ్సు బండికి గార్డు. యాభై ఎనిమిది వ్యాగన్ల వెనక, చివరి డబ్బాలో ఒంటరిగా నిలబడి, అర మైలు ముందున్న ఇంజన్ విజిల్ విని పని చేసే ఉద్యోగం. ఆ ఉద్యోగానికి పెట్టుబడి చెవులే. మరో రెండు వారాల్లో వాడికి రైల్వే ఆసుపత్రిలో మెడికల్ ఉంది. డాక్టరు వెనకాల నిలబడి గుసగుసగా ఏదో అంటాడు, వీడు తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే బండి మీంచి దింపి ఏదో ఆఫీసులో కుర్చీ వేస్తారు. క్రితం సారి ఒక అంకె రెండుసార్లు అడగాల్సి వచ్చిందట. అప్పట్నుంచీ వాడికి ఆ భయం పట్టుకుంది.

"దింపితే దింపారు, నా పక్క కుర్చీ ఖాళీయేరా," అనేవాణ్ణి.

"నీ పక్కన కూచోడం కన్నా బండి కింద కూచోడం నయం," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ నవ్వు పెదాలు దాటేది కాదు.

శనివారం సాయంత్రం గోల్ బజార్‌లో కొట్టువాడు రెండు డబ్బాలు ముందు పెట్టి, "సాబ్, ఏక్‌దమ్ మక్ఖన్," అన్నాడు, అచ్చం వెన్నేనని. బావకి తీగ ఉన్నదే ఇష్టం. "తీగుంటే ఏటి నష్టం? తెగితే తెగినట్టు కంటికి కనిపిస్తాది," అన్నాడు. సైన్సు గురించీ భవిష్యత్తు గురించీ అక్కడే నిలబడి ఉపన్యాసం ఇచ్చి, వాడి చేత కూడా తీగ లేనిదే కొనిపించాను. రెండూ ఒకే రకం, ఒకే నలుపు, కవల పిల్లలు.

డబ్బాలో హెడ్‌ఫోన్‌తో పాటు ఒక సీడీ, కంప్యూటర్‌కి గుచ్చే గోరంత బిళ్ళ, మడతలు విప్పితే మంచం మీద దుప్పటంత అయ్యే కాగితం ఉన్నాయి. చదువుకున్నవాణ్ణి కనక ఆ కాగితం చదవలేదు. బిళ్ళ గుచ్చాను. కంప్యూటర్ కొత్త సామాను దొరికిందని సంబరపడి తనకు తోచిందేదో చేసుకుంది. ఎందుకైనా మంచిదని తర్వాత సీడీ కూడా వేశాను. గుప్తసంకేతం అడిగితే నాలుగు సున్నాలు కొట్టాను. అదే ఊపులో రెండు లైన్ల అవతల బావ క్వార్టర్‌కి వెళ్ళి, వాడి కంప్యూటర్‌కీ అచ్చం అలాగే చేసి, కాఫీ తాగి వచ్చాను.

ఇంటికొచ్చి చెవులకి తగిలించుకున్నాను. పద్యం మొదలైంది. రెండు మాటలు వినిపించి ఆగిపోయింది. మళ్ళీ అర మాట, మళ్ళీ ఆగింది. గతౌరా స్టేషన్ ఔటర్‌లో సిగ్నల్ కోసం నిలబెట్టిన గూడ్సులా ఒక కుదుపు కుదిపి, ఒక అడుగు వేసి, మళ్ళీ నిద్రపోయేది. "బావా" అన్న పిలుపుకీ "ఎప్పుడు వచ్చితీవు" అన్న ప్రశ్నకీ మధ్య నేను మంచినీళ్ళు తాగి, చొక్కా మార్చుకుని వచ్చాను. కంప్యూటర్‌ని కౌగిలించుకుని విన్నాను. మిక్సీ మీద అనుమానంతో దాని వైరు పీకాను. కాలనీ పక్కనున్న ఇరవై అయిదు వేల వోల్టుల రైలు తీగల్ని తిట్టాను. మొత్తం రైల్వేనే నా పద్యం మీద కక్ష కట్టిందని తేల్చాను.

"మక్ఖన్ అన్నాడుగా కొట్టువాడు. ముక్కలు ముక్కలుగా కోసిచ్చాడు కాబోలు," అంది మా ఆవిడ.

తెల్లారి ఆదివారం టీ కొట్టు దగ్గర బావ కనిపించాడు. డ్యూటీకి పోతూ, చేతిలో పెట్టెతో.

"ఎలగుందిరా నీది?" అన్నాడు.

నిజం చెప్పాలంటే, తీగ ఉన్నది వద్దని ఉపన్యాసం ఇచ్చింది నేను. కొట్టుకి తీసుకెళ్ళింది నేను. రెండు ఇళ్ళలోనూ బిళ్ళ గుచ్చింది నేను. అలాంటివాణ్ణి ఏమని చెప్పను?

"అమృతంరా బావా! గాయకుడు ఊపిరి పీల్చడం వినిపిస్తంది. హార్మోనిస్టు కుర్చీలో కదిలితే కుర్చీ కిర్రుమనడం కూడా వినిపిస్తంది!"

బావ టీ గ్లాసు కింద పెట్టాడు. "కుర్చీ కూడానా?"

"కుర్చీయే కాదు, కుర్చీ కింద చీమ నడిచినా వినిపిస్తాది. నీదెలగుంది?"

"అచ్ఛా... నాదీ బానే ఉంది," అని వెళ్ళిపోయాడు. టీ సగం అలాగే వదిలేశాడు. నేను గమనించలేదు. ఆ చీమ నాకు మరీ నచ్చింది, దాన్ని ఏదైనా వ్యాసంలో పెట్టాలని ఆలోచిస్తున్నాను.

బుధవారం బావ మా ఇంటికొచ్చాడు. నా హెడ్‌ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను కాఫీ కోసం వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి దాన్ని బల్ల మీద పెట్టి కూర్చున్నాడు, ఒళ్ళో సంచీతో. కాఫీ రెండు గుక్కల్లో తాగేసి లేచాడు.

గురువారం సాయంత్రం హెడ్‌ఫోన్ తగిలించుకుంటే ముక్కలు కూడా రావడం లేదు. మొత్తం నిశ్శబ్దం. తెర మీద చూస్తే, కొత్త పరికరం కనిపించింది, కలపమంటావా, గుప్తసంకేతం చెప్పు అని అడుగుతోంది. నాలుగు రోజులుగా నా చెవులకున్న హెడ్‌ఫోన్‌ని నా కంప్యూటర్ ఎరగనంటోంది! తీసి వాసన చూశాను. చెవి దిమ్మల నిండా బావ తలకి రాసుకునే చలవ నూనె వాసన. నా కళ్ళజోడు గీసిన గీత ఎడమ దిమ్మ మీద లేదు.

మార్చేశాడు! నా తాత మోసిన పట్టాకి రెండో కొస పట్టుకున్నవాడి మనవడు నా హెడ్‌ఫోన్ మార్చేశాడు!

"అడగండి వెళ్ళి," అంది మా ఆవిడ.

ఎలా అడగను? నాది మాత్రం ఏం వినిపించి ఏడిచింది? అడిగితే అమృతం సంగతి బయటపడుతుంది. మోసపోయినవాడికి కనీసం అరిచే హక్కుంటుంది. నాకు అదీ లేకుండా పోయింది. ఆ అయిదు రోజులూ బావ కనిపిస్తే సందు మార్చి నడిచాను. వాడు కూడా నన్ను చూసి సందు మారుస్తుంటే, దొంగకి సిగ్గన్నా ఉంది అనుకున్నాను.

సోమవారం ఆఫీసులో కంప్యూటర్ గది చూసే మేడమ్‌కి, పక్కింటివాడి కష్టం అని చెప్పి నా కష్టం చెప్పుకున్నాను. రాయపూర్ ఆవిడ. హిందీలో చాలా మర్యాదగా చీవాట్లు పెట్టింది.

"ఆ పక్కింటాయన బిళ్ళ ముందు గుచ్చి, సీడీ తర్వాత వేశారు కదూ?"

"అవునండీ, మూర్ఖుడు."

కంప్యూటర్‌కి హెడ్‌ఫోన్ భాష రాదట. మధ్యలో దుబాసీలాంటి ప్రోగ్రామ్ ఒకటి ఉండాలి, దాన్ని డ్రైవర్ అంటారట. బిళ్ళ ముందు గుచ్చితే కంప్యూటర్ తన దగ్గరున్న పాత దుబాసీని కూర్చోబెడుతుంది. తర్వాత సీడీ వేస్తే కొత్త దుబాసీ వస్తాడు. ఇద్దరూ ఒకే కుర్చీ కోసం తోసుకుంటుంటే పాట ముక్కలవుతుంది. ఇద్దర్నీ తీసెయ్యి, బిళ్ళ పీకు, కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టు, సీడీ ముందు వెయ్యి, అది అడిగినప్పుడే బిళ్ళ గుచ్చు. ఇంటికెళ్ళి ఆ దుప్పటి కాగితం విప్పి చూస్తే మొదటి వాక్యం అదే, నా కన్నంత అక్షరాలతో.

చెప్పినట్టు చేశాను. పద్యం గుక్క తిప్పుకోకుండా సాగిపోయింది. అదీ బావ హెడ్‌ఫోన్‌లోంచే! అంటే వస్తువులో దోషం లేదు, వాడు చేసిన దొంగతనం దండగ. ఇంక నాకు అరిచే హక్కు వచ్చేసినట్టే.

మంగళవారం సాయంత్రం వాడి హెడ్‌ఫోన్ సంచీలో వేసుకుని, దారి పొడుగునా పద్దెనిమిది పేజీల ఉపన్యాసం బట్టీ పట్టుకుంటూ వెళ్ళాను. చెల్లెమ్మ, అంటే బావ భార్య, నన్ను గుమ్మంలోనే ఆపి నోటి మీద వేలు పెట్టింది. వరండాలో బావ గోడకి మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. చెల్లెమ్మ పది అడుగులు వెనక్కి నడిచి, "బీరకాయ," అని గుసగుసగా అంది.

"బీరకాయ," అన్నాడు గోడతో.

"కాకరకాయ."

"కాకరకాయ."

"బానే వినిపిస్తందిగా!" అన్నాను నేను.

బావ ఇటు తిరిగాడు. వారం రోజుల్లో మొహం పీక్కుపోయింది. "ఇది గుసగుసలాడితే తోర్వా బస్తీ దాకా వినిపిస్తాది. ఇదో పరీక్షేటి?" అని లోపలికెళ్ళి, పేపర్లో చుట్టిన నా హెడ్‌ఫోన్ తెచ్చి చేతిలో పెట్టాడు. "నీదేరా. ఆవేళ మార్చీసినాను."

నా పద్దెనిమిది పేజీలూ ఎటో పోయాయి. "ఎందుకురా?" అన్నాను.

"నీకు కుర్చీ కిర్రుమన్నాది కూడా వినిపిస్తన్నాదన్నావు. నాకు పాటే వినిపించలేదు, అన్నీ ముక్కలే. నాది పాడయిందేమోనని నీ మంచిది పట్టుకొచ్చీసినాను. అదీ ముక్కలే. మంచి సామాను పెట్టినా ముక్కలే అంటే, పాడయినవి సెవులు కాక మరేటిరా?" జేబులోంచి మడత కాగితం తీశాడు. "మెడికల్ దాకా ఎందుకు, బండి మీంచి దింపీమని నేనే రాసినాను. ఏటో తప్పులున్నాయి. నువ్వు సరిగ్గా రాస్తావని ఉంచినాను."

కాగితం తీసుకుని చదివాను. హిందీలో మూడు వాక్యాలు. తప్పులేమీ లేవు.

"బావా, నాదీ ముక్కలేరా. మొదటి రోజు నుంచీ."

"ఏటి?"

"ముక్కలే."

"మరి ఊపిరి?"

"ఊపిరి లేదు."

"కుర్చీ?"

"కుర్చీ కూడా లేదు."

చీమ గురించి అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది. తిట్టినా బాగుండును. వాడు మొహం మళ్ళీ గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఈయన నాలుగు మెతుకులు తిని అయిదు రోజులయింది అన్నయ్యగారూ," అంది చెల్లెమ్మ. ఈసారి నిజంగానే గుసగుసగా.

వాడి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇద్దరు దుబాసీల్నీ పంపించేసి, సీడీ ముందు వేసి, బిళ్ళ తర్వాత గుచ్చి, వాడి హెడ్‌ఫోన్ వాడికిచ్చాను. బావ కళ్ళు మూసుకుని పాట మొత్తం విన్నాడు. తీశాడు. నా చేతిలోంచి ఆ అర్జీ తీసుకుని, చింపకుండా మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"చింపీరా," అన్నాను.

"ఉండనీ. డాక్టరు సెప్తే సింపుతాను. నువ్వు సెప్తే కాదు," అన్నాడు. ఆ పూట కాఫీ ఇవ్వలేదు. చెల్లెమ్మ పెట్టబోయినా వద్దని సైగ చేశాడు, నేను చూడలేదనుకుని.

తర్వాతి సోమవారం మెడికల్. సాయంత్రం వస్తాడని ఎదురు చూశాను, రాలేదు. మంగళవారం వాళ్ళింటికి తాళం. బుధవారం టీ కొట్టువాణ్ణి అడిగితే, గార్డు సాబ్ ఇటు రాలేదన్నాడు. నాకు అన్నం దిగలేదు. వాణ్ణి బండి మీంచి దింపేశారు, నా పక్క కుర్చీకే పంపిస్తున్నారు, ముప్ఫై ఏళ్ళు రోజూ ఆ మొహం చూస్తూ నేను కుళ్ళి చావాలి అని ఖాయం చేసుకున్నాను. మా ఇద్దరికీ రిటైర్మెంటు పదేళ్ళే ఉందని మా ఆవిడ గుర్తు చేసినా మనసుకి ఎక్కలేదు.

గురువారం నా బల్ల మీదకి ఆసుపత్రి నుంచి కాగితాల కట్ట వచ్చింది. నాలుగోది బావది. ఫిట్. గార్డు ఉద్యోగానికి తగినవాడు, వినికిడిలో లోపం లేదు, సోమవారం తేదీ, డాక్టరు సంతకం. అంటే వాడికి సోమవారమే తెలుసు. చిన్నప్పట్నుంచి పంటి నొప్పి వచ్చినా ముందు నాకే చెప్పేవాడు, ఇది మాత్రం నా ఆఫీసు బల్ల మీద పడేదాకా ఉంచాడు.

మధ్యాహ్నం భోజనం మాని స్టేషన్‌కి పరిగెత్తాను. గార్డుల గది బయట బావ పెట్టె సర్దుకుంటున్నాడు.

"సోమవారమే అయిపోతే చెప్పవేటిరా? మూడు రోజులు సచ్చిపోయినాన్రా!"

బావ పెట్టె మూత వేసి, నా వైపు తాపీగా చూశాడు.

"నువ్వు నన్ను పదకొండు రోజులు భయంలో ఉంచినావు. నేను మూడే ఉంచినాను," అని జెండాలు చంకలో పెట్టుకుని బండి వైపు నడిచాడు.

నిజానికవి తొమ్మిది రోజులే. నేను అబద్ధమాడిన ఆదివారం నుంచి నిజం చెప్పిన మంగళవారం దాకా వేళ్ళ మీద ఎన్నిసార్లు లెక్కపెట్టినా తొమ్మిదే. ప్లాట్‌ఫారం చివరిదాకా వెనకాలే నడిచాను, ఆ రెండు రోజుల సంగతి వాడికి చెబుదామని. చివరికి చెప్పలేదు.