కత్తెర పడని కోటు

మా రాజనర్సు తన కత్తెరను కోమటి చెరువులోకి విసిరేసిన రోజు నుంచి ఆ చెరువులో చేపలు ముక్కలు కోసినవే దొరుకుతున్నాయి. వల వేస్తే నేరుగా పులుసులోకే. నమ్మండి. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడికి అబద్ధాలాడేంత చదువు ఎక్కడిది?

రాజనర్సు సిద్దిపేట పాత బస్టాండు దగ్గర దర్జీ. వాడికి ఒకటే పిచ్చి. మిల్లు బట్టయితే కళ్ళు మూసుకుని కోస్తాడు. మగ్గం మీద నేసిన బట్ట కనిపిస్తే మాత్రం చేతులు వెనక్కి కట్టుకుంటాడు. ఓసారి కిష్టవ్వ గొల్లభామ చీర తెచ్చి మనవరాలికి లంగా కుట్టమంది.

"కొయ్యనవ్వా. అంచుల గొల్లభామ నెత్తిమీద కుండ వెట్టుకొని నిలవడ్డది. కత్తెర తాకితె పాలు ఒలుకుతయి."

"నీ పాలు పాడుగాను! మరెట్ల కుడ్తవ్?"

"మడతలు వెడ్త. పిల్ల పెరిగినకొద్ది ఇప్పుకోవచ్చు."

ఆ మడతలకు పిల్ల కూర్చున్నా నిలబడినట్టే కనిపించేది. అయినా వాడకట్టంతా వాడినే మెచ్చుకుంది. నాకు ఒళ్ళు మండింది. వాడు చదివిన బడిలోనే వాడికంటే అందంగా ఫెయిలయ్యాను, నన్నెవరు మెచ్చుకున్నారు?

తొంభైల మొదట్లో నాకు పెండ్లి కుదిరింది. మా అక్క మొగుడు ఐలయ్య బావ అప్పుడే లిబియా నుంచి వచ్చాడు. మగ్గం విడిచి కాంక్రీటు పనికి పోయిన మనిషి. అక్కడ పక్క మంచం ఘానా ఆయనది, ఆయనదీ నేత ఇల్లే. ఒకరి భాష ఒకరికి రాదు. పని దిగాక ఇద్దరూ గాలిలో మగ్గం ఆడిస్తూ మాట్లాడుకునేవారట. విడిపోయేనాడు ఆ దోస్తు, తన తండ్రి నేసిన దుప్పటంత బట్ట బావకిచ్చాడు. నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలుగా నేసి, పక్కపక్కన కుట్టి కలిపిన బట్ట అది. పసుపు, పచ్చ, ఎరుపు భగ్గుమంటున్నాయి.

"అక్కా, గీ బట్టతోని కోటు కుట్టిస్తె నా అసొంటి పెండ్లికొడుకు జిల్లాల ఉండడు!"

బాలలక్ష్మి అక్క బావవైపు తిరిగింది. "ఇయ్యరాదు? ఒక్కడే తమ్ముడు."

"తీస్కో బామ్మర్ది," అన్నాడు బావ. అన్నాడే గాని, దుకాణం దాకా తనే మోసుకొచ్చాడు. బల్ల మీద పెట్టాక కూడా దానిమీద నుంచి చెయ్యి తియ్యలేదు. రాజనర్సు ఆ చేతినే చూశాడు.

"కొయ్య," అన్నాడు.

"మళ్ల మొదలువెట్టినవా! పెండ్లి నాదిరా!"

"కోటయితది. కొయ్య."

పట్టీల మధ్య కుట్లు విప్పాడు. వాటినే ఒంటికి నిలువుగా, చేతులకు అడ్డంగా పేర్చాడు. మిగిలిందంతా లోపలికి మడిచాడు. కాలరు లేదు, గుండీలకు బదులు దారపు ముడులు. బొంబాయికి కూడా అప్పటికి చేరని ఫ్యాషన్! అద్దంలో చూసుకుంటే నామీద నాకే అసూయ పుట్టింది.

పెండ్లిలో ఆ అసూయ వాడిమీదికి మళ్ళింది. పెండ్లికూతురు సుగుణ తలెత్తి నాతో అన్న మొదటి మాట, "ఎవరు కుట్టిన్రు?" ఆమె మేనత్తలు నన్ను గిర్రున తిప్పి వీపు చూశారు. ముఖంతో ఎవరికీ పనిలేదు. తాళి కట్టే వేళ లోపలి మడతల వల్ల నా చేతులు లేవకపోతే, చెరో మోచెయ్యీ ఇద్దరు ఎత్తిపట్టారు. వారం తిరక్కుండా కాలేజీ పిల్లలు చేనేత తువ్వాళ్ళతో వాడి దుకాణం ముందు నిలబడ్డారు. 'నర్సు కోటు' కావాలట! చెమట నాది, పేరు వాడిదా? 'రాంచందర్ కోటు' అంటే నోరు తిరగదా?

అంతలో రాజనర్సే వచ్చాడు. "చంకల బిగుతున్నదిగా. ఇయ్యి, సరిజేస్త."

ఇచ్చాను. కోటు మళ్ళీ రాలేదు. నిలదీస్తే ఒక పాలిస్టర్ కోటు చేతిలో పెట్టి మిషన్ తొక్కుకున్నాడు. ఫిర్యాదు చేద్దామని అక్క ఇంటికి పోయాను.

బావ ఒడిలో ఘానా బట్ట! పట్టీ పక్కన పట్టీ, ఎక్కడిదక్కడ. ఒక్క గాటు లేదు. బావ లేచి నన్ను ఎముకలు విరిగేలా కావలించుకున్నాడు.

"నా మనసుల మాట నీకెట్ల ఎరుకైందిరా బామ్మర్ది! నువ్వే వాపస్ పంపినవని నర్సు చెప్పిండు."

దుకాణం బల్ల మీది బావ చెయ్యి గుర్తుకొచ్చింది. నోరు ఊరుకుంటుందా?

"గంతేగా బావా. నేను మొగం చూసి మనసు చెప్త."

అక్క కోడిని కోసింది. రెండుసార్లు వడ్డించుకున్నాను. కానీ ఆ మంచితనం కూడా వాడికే ముందు తట్టిందన్న మంట ఇంకా చల్లారలేదు.

ఇదంతా రాసి వాడికే చదివి వినిపించాను. మెచ్చుకుంటాడేమోనని చూశాను. సూది మీంచి తలెత్తకుండా అన్నాడు:

"కత్తెర చెరువుల పడెయ్యలే. సొరుగుల ఉన్నది. దారం తెంపెటందుకు."