కైలాసం చెయ్యి మంచిది

సంగారెడ్డి పాత బజారులో కైలాసం తండ్రికి కిరాణా దుకాణం ఉండేది. కొడుకు చేత్తో బోణీ చేయిస్తే సాయంత్రానికి బస్తాలు ఖాళీ అవుతాయని ఆయన నలుగురికీ చెప్పుకున్నాడు. నలుగురూ నమ్మారు. అందరికంటే గట్టిగా కైలాసమే నమ్మాడు. డిగ్రీ చదివి, రెండు మూడు కంపెనీలు తిరిగి, చివరికి బొంతపల్లి దారిలో పోలీసు శిక్షణకు తూటాలు తయారుచేసే ప్రైవేటు ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజర్‌గా కుదురుకున్నాక కూడా ఆ పేరు అతన్ని వదల్లేదు. పటేల్‌గూడలో అతని వీధివాళ్ళు కొత్త బండి కొంటే తాళంచెవి ముందు అతని చేతికిచ్చేవారు. కొత్త ఇంటి పునాదికి ముగ్గు పోయాలన్నా అతనికే కబురు. భార్య శకుంతల మాత్రం "గా చేత్తోని ఒక్కనాడు కుక్కర్ మూత సక్కగ పెట్టరాదు" అని గొణిగేది. ఇంట్లో ఆవిడ మాట వినేవాళ్ళు లేరు.

ఫ్యాక్టరీలో ఆ చేతికి ఉన్న పని ఒకటే. ఒకే విడతలో తయారైన తూటాలన్నిటినీ కలిపి లాట్ అంటారు. లాట్ లారీ ఎక్కేముందు కొనేవాళ్ళ తరఫున ఇన్‌స్పెక్టర్ వస్తాడు. పేర్చిన డబ్బాల్లోంచి తనకు తోచినవి తీయించి, కాల్పించి చూసి, బాగుంటే లాటంతా బాగున్నట్టు సంతకం పెడతాడు. డబ్బాలు ఆయనే ఎంచాలి, అమ్మేవాడు ఎంచకూడదు. పరీక్ష రాసేవాడు తన ప్రశ్నలు తనే ఎంచుకోకూడదన్నంత తేలిక విషయం ఇది.

కానీ వచ్చే ఇన్‌స్పెక్టర్ వెంకటేశ్వరరావు పెద్దమనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి, వర్జ్యం చూసుకోనిదే కారెక్కని మనిషి.

"మీ చేత్తోనే తియ్యండి కైలాసం గారూ. మీరు తీసిన లాట్ ఒక్కటీ తిరిగి రాలేదండీ. మీ చెయ్యి అంత మంచిది" అనేవాడాయన.

కైలాసం వినయంగా తల వంచి, ఏ డబ్బాలు ఏ పూట నిండాయో మనసులో తలచుకొని, మిషన్లు సక్రమంగా నడిచిన పూటవే తీసేవాడు. అవి చక్కగా పేలేవి. ఎందుకు పేలవు? ఆ తర్వాత పటాన్‌చెరు నుంచి తెప్పించిన బిర్యానీ తిని, వక్కపొడి నములుతూ ఆయన సంతకం పెట్టేవాడు. ఈ తతంగానికి క్వాలిటీ అని పేరు పెట్టి గోడలకు బోర్డులు కూడా తగిలించారు.

ఈ వానాకాలం ఒక పొద్దున తాజున్నీసా అతని గదిలోకి వచ్చింది. తూటాల్లో మందు నింపే మిషన్‌కు ఆమె సూపర్‌వైజర్.

"సార్, మందు తక్కువ పడ్డప్పుడల్ల అలారం మోగి మిషన్ ఆగుతుండె గద. దాన్ని బంద్ పెట్టిండ్రు. నిన్న పగటీలి మాలంత గట్లనే పోయింది."

"ఎవలు పెట్టమన్నరు?"

"అమర్ సారే. మాటిమాటికి ఆగితే మాల్ ఎప్పుడు ఎల్లాలె అన్నడంట. లాటంత ఆపుండ్రి సార్. ఒక్కొక్కటి తూకమేసి సూడాలె."

అమర్ అంటే ఫ్యాక్టరీ యజమాని. యజమాని పేరు వినగానే కైలాసానికి నిన్న పగటిపూట కూడా మంచి పూటలాగే కనిపించసాగింది.

"నువ్వు పరేషాన్ గాకు తాజమ్మా. నేను జూస్కుంట" అన్నాడు.

తెలియక అన్నాడా అంటే, అదీ కాదు. మందు చాలని తూటా పేలితే గుండు బయటికి రాకుండా పిస్టల్ గొట్టంలోనే ఇరుక్కుంటుంది. కాల్చినవాడు గురి తప్పిందనుకొని మళ్ళీ నొక్కితే, వెనక నుంచి వచ్చే గుండు దాన్ని గుద్ది గొట్టమే పగులుతుంది. చెయ్యి పోవచ్చు, కన్ను పోవచ్చు. ఇదంతా కొత్తవాళ్ళకు పాఠంగా చెప్పేది కైలాసమే. అయినా అతను చూసుకున్నదేమిటయ్యా అంటే, ఆ పూట డబ్బాలను గోడ వారగా, అట్టడుగున పేర్పించడం. వెంకటేశ్వరరావు వచ్చాడు, చేతిని మెచ్చుకున్నాడు, బిర్యానీ తిన్నాడు. లాట్ పాసైంది.

లాట్ లారీకెక్కుతున్న రోజే ఫ్యాక్టరీలో కొత్త కాల్పుల షెడ్డు ప్రారంభం పెట్టుకున్నారు. మామూలుగా పరీక్షకు పిస్టల్‌ను స్టాండుకు బిగించి, కాంక్రీటు గోడ వెనక నిలబడి దారంతో లాగుతారు. అమర్‌కు అది నచ్చలేదు. ఫొటోలో దారమేం బాగుంటుంది? అందుకని చేత్తోనే కాల్చాలన్నాడు. లారీలోంచి చేతికందిన డబ్బా ఒకటి దించి బల్ల మీద పెట్టించాడు. కైలాసానికి శాలువా కప్పి, "మన కైలాసం సార్ చెయ్యి మంచిది. ఫస్ట్ షాట్ సార్‌దే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

కైలాసం ముందు ఆ డబ్బా వంక చూశాడు. బల్ల పక్కనే ఉన్న తాజున్నీసా వైపు వంగాడు.

"గీ డబ్బ గోడ వారదా, ముంగటిదా?"

"ఏదైతే ఏంది సార్? లాటంత ఒక్కతీరుగ ఉన్నదని మీరే గద పాస్ చేసిండ్రు." తర్వాత గొంతు తగ్గించి, "చెప్పేయుండ్రి సార్. ఇప్పుడన్న చెప్పుండ్రి" అంది.

"జెర ఊకో" అన్నాడు కైలాసం. అని, అమర్ వైపు తిరిగి, కుడిచెయ్యి నిన్నటి నుంచి ఒకటే తిమ్మిరిగా ఉందని చెప్పాడు. అంత మంచి చేతికి తిమ్మిరా అని అందరూ నొచ్చుకున్నారు.

"అయ్యో, దానికేముంది! నేను కాలుస్తాను. మీరు ఒక్కసారి ముట్టుకొని ఇవ్వండి, చాలు" అంటూ వెంకటేశ్వరరావు ఉత్సాహంగా ముందుకొచ్చాడు.

కైలాసం పిస్టల్‌ను రెండు చేతులతో తీసి, ముట్టుకొని, ఆయన చేతిలో పెట్టాడు. సిగ్గులేని మనిషి! అంతకంటే మర్యాదగా చెప్పే మాట నాకు దొరకడం లేదు.

"సార్, చేత్తోని వద్దు సార్, దారంతోని గుంజుండ్రి" అని తాజున్నీసా అడ్డం వచ్చింది.

"తాజమ్మా, పక్కకు జరుగు. ఫొటోల పడ్తున్నవ్" అన్నాడు అమర్. ఎవరో ఆమెను భుజం పట్టి వెనక్కి లాగారు.

వెంకటేశ్వరరావు నొక్కాడు. టప్పుమని నీరసంగా ఒక చప్పుడు. ఎదురుగా ఉన్న అట్ట మీద చిల్లు పడలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనా నవ్వి, "గురి తప్పిందండీ" అంటూ, కాలేజీలో ఎన్‌సీసీ వాళ్ళు నేర్పినట్టు పిస్టల్ పైభాగం వెనక్కి లాగి వదిలి, మళ్ళీ అట్టకు గురిపెట్టాడు.

"ఆపుండ్రి! నొక్కకుండ్రి!"

కాంక్రీటు గోడ వెనక నుంచి వచ్చింది ఆ కేక.

వెంకటేశ్వరరావు వేలు ఆగిపోయింది. పిస్టల్ బల్ల మీద పెట్టించి, తూటాలు తీయించి, గొట్టంలోకి సన్నని కడ్డీ దూర్పించారు. సగం దాకా పోయి అది ఠక్కున ఆగింది. చూస్తున్నవాళ్ళకు సంగతి అర్థమైంది. కైలాసం శాలువాతోనే గోడ చాటు నుంచి మెల్లగా బయటికొచ్చాడు.

"చప్పుడు విని కనిపెట్టిన సార్" అన్నాడు.

"కాదు." వెంకటేశ్వరరావు గోడ వైపు చూపించాడు. "నేను నొక్కకముందే మీరు గోడ వెనక్కి వెళ్ళారు. నా పక్కన మీరు లేరు, నేను చూశాను. బుద్ధిలేక మీ చేతికి మొక్కి సంతకం పెట్టినవాణ్ణి, నాకీ శాస్తి కావలసిందే. కానీ పోలీసు శిక్షణలో ఈ తూటాలు కాల్చే పిల్లల పక్కన ఏ గోడ ఉంటుందండీ?"

అమర్ ఫోన్ చూసుకోసాగాడు. కైలాసం తలెత్తకుండానే లారీ ఆపమని, లాటంతా వెనక్కి దించమని చెప్పాడు. ఇన్నాళ్ళూ జీతం తీసుకున్నది ఆ ఒక్క మాట చెప్పడానికే. అది అతని నోట రావడం అదే మొదటిసారి.